తెల్లారి 4:40కి మ్యావ్: అరుపు ఆపని పిల్లితో ఏం చేయాలి

బెంగళూరు బీటీఎం లేఅవుట్ రెండో స్టేజీలో, మూడో అంతస్తులో మాది ఒక బెడ్‌రూమ్ ఇల్లు. తెల్లారి 4:40. నీళ్ళ ట్యాంకరు కూడా ఇంకా రాలేదు. బెడ్‌రూమ్ తలుపు కింద సందులోంచి నల్లటి పాదం ఒకటి లోపలికొచ్చి నేలని రెండుసార్లు తడుముతుంది. తర్వాత మ్యావ్. పది సెకన్లు ఆగి, ఇంకాస్త సాగదీసి మ్యావ్. ఆ పైన లెక్కలేదు.

మా పిల్లి పేరు మిరియం. ఇదే అపార్ట్‌మెంట్ పార్కింగులో, స్కూటీ సీటు కింద దొరికాడు. ఆరు నెలలపాటు మమ్మల్ని ఇలాగే లేపాడు. ఏడో నెలలో కింది ఫ్లాట్ ఆంటీ మెట్ల దగ్గర నన్ను ఆపి "బెక్కు యాకె ఇష్టు కూగుత్తె?" అన్నారు. పిల్లి ఎందుకింత అరుస్తుంది అని. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతుక్కుంటూ చేసిన పనులు, తప్పులతో సహా, వరసగా చెబుతాను. మీ ఇంట్లోనూ ఇదే గోల ఉంటే దయచేసి వరస మాత్రం మార్చకండి. మొదటిది దాటేసి నేరుగా అరుపు మాన్పించే చిట్కాలకు దూకితే, నొప్పితో ఏడుస్తున్న జంతువుని పట్టించుకోకుండా పడుకున్నవాళ్ళమవుతాం.

ముందు ఒళ్ళు చూడండి

అరుపు కొత్తగా మొదలైందా, ఎప్పటి నుంచో ఉన్నదేనా? కొత్తదైతే, లేదా పాత అరుపే గొంతు మారితే, ముందు వెళ్ళాల్సింది లిట్టర్ ట్రే దగ్గరికి.

మగపిల్లి అయితే ఇది మరీ ముఖ్యం. ఒక శనివారం రాత్రి మిరియంగాడు గంటలో ఐదుసార్లు ట్రేలోకి ఎక్కాడు. వంగి కూర్చుంటాడు, ముక్కుతాడు, దిగుతాడు, పొట్ట కింద నాక్కుంటాడు, ఒక్క అరుపు అరిచి మళ్ళీ ఎక్కుతాడు. నేను మలబద్ధకం అనుకున్నాను. నెల్లూరు నుంచి అమ్మ ఫోన్లో ఆముదం పట్టించమంది. అదృష్టం, ఇంట్లో ఆముదం లేదు. ట్రేలో ఇసుక తవ్వి చూస్తే పొద్దుటి నుంచి ఒక్క తడి ఉండ కూడా లేదు. అప్పుడు వెలిగింది. రాత్రి పదకొండుకి ఆటో ఎక్కాం. డాక్టరు పొట్ట తడిమి నా వేలు తీసుకుని అక్కడ పెట్టించారు. బత్తాయికాయంత గట్టిగా తగిలింది మూత్రాశయం. గొట్టం వేసి తీశారు.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డం పడితే మూసుకుపోతుంది. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లికీ ఇది వస్తుంది. కాబట్టి ట్రేకి పదేపదే వెళ్ళడం, చుక్కలు చుక్కలుగా పోయడం లేదా అసలు పోయకపోవడం, దాంతో పాటు అరుపు ఉంటే తెల్లారేదాకా ఆగకండి. రాత్రంతా తెరిచి ఉండే క్లినిక్ మీ పేటలో ఎక్కడుందో ఈ రోజే వెతికి ఫోన్లో నంబరు పెట్టుకోండి. అవసరం అర్ధరాత్రే వస్తుంది, అప్పుడు వెతుక్కోలేం.

పదేళ్ళు దాటిన పిల్లి రాత్రుళ్ళు ఇల్లంతా తిరుగుతూ బొంగురు గొంతుతో అరుస్తోందంటే కథ వేరు. థైరాయిడ్ ఎక్కువైతే అలా అరుస్తాయి. గుర్తు ఏమిటంటే గిన్నె ఖాళీ చేస్తూనే ఉంటుంది, ఒళ్ళు మాత్రం తగ్గిపోతుంటుంది. తిండి బాగా తింటోంది కదా అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు, అదే మోసం. రక్తపరీక్షలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ చూస్తే తెలిసిపోతుంది, మందులూ ఉన్నాయి. బీపీ, కిడ్నీ జబ్బు, వినికిడి తగ్గడం, ముసలితనపు మతిమరుపు, వీటిలో ఏదున్నా రాత్రి అరుపు పెరుగుతుంది. చెవుడొచ్చిన పిల్లికి తన గొంతు తనకే వినిపించదు, అందుకే మరీ గట్టిగా అరుస్తుంది. బరువు చూడటానికి పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు. పిల్లిని ఎత్తుకుని మిషనెక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి. నెలకోసారి చాలు.

ఒక్క హెచ్చరిక. నొప్పేమోనని మన ఇంట్లో జ్వరం మాత్ర చిదిమి పెట్టకండి. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు చంపడానికి.

బెంగళూరులో ప్రైవేటు క్లినిక్కులు వీధికొకటి ఉన్నాయి. ఖర్చు భారం అనుకుంటే హెబ్బాళలో 1958 నాటి ప్రభుత్వ వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. లైనుంటుంది, పొద్దున్నే వెళ్ళండి.

ఆడపిల్లి, ఆపరేషన్ కాలేదు: ఇక వెతకాల్సిన పని లేదు

కాలుగాలిన పిల్లి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నాలుగైదు నెలలు నిండిన ఆడపిల్లి ఒక సాయంత్రం నుంచి నేల మీద పొర్లుతూ, మీ కాళ్ళకి రాసుకుంటూ, వీపు నిమిరితే వెనక భాగం పైకెత్తి తోక పక్కకి తిప్పి, పసిబిడ్డ ఏడ్చినట్టు గొంతు సాగదీస్తోందంటే అది ఎదకు వచ్చింది. జబ్బు కాదు. మా పక్క వీధిలో పీజీలో ఉండే ఇద్దరు గుంటూరు అమ్మాయిలు దీన్నే కడుపునొప్పి అనుకుని ఓమనీళ్ళు పట్టించారు.

ఎద సుమారు వారం ఉంటుంది. మగపిల్లి కలవకపోతే తగ్గి, రెండు మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది. చలిదేశాల్లో పగలు పొడుగయ్యే కాలంలోనే పిల్లులు ఎదకు వస్తాయి, శీతాకాలం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. మనకా సుఖం లేదు. బెంగళూరు భూమధ్యరేఖకి 13 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇక్కడ డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా సుమారు గంటన్నరే. పైగా మనం రాత్రి పదకొండుదాకా ట్యూబులైటు వేసి ఉంచుతాం. పిల్లి లెక్కలో ఏడాదంతా వసంతమే.

దీనికి మందు ఆపరేషన్ ఒక్కటే. "ఒక ఈత కాన్చి చేయిస్తే మంచిదంట" అనేవాళ్ళు మీకు కచ్చితంగా తగులుతారు. ఆ మాటలో నిజం లేదు. ముందే చేయిస్తే గర్భసంచి ఇన్ఫెక్షన్లు రావు, పాలగ్రంథుల క్యాన్సర్ ముప్పూ తగ్గుతుంది. ఎద ఆపే హార్మోన్ మాత్రలో, ఇంజక్షన్లో అడక్కండి. ఆ రెండు జబ్బుల్నీ పిలిచి తెచ్చేవి అవే. మగపిల్లి సంగతీ అంతే. కిటికీ దగ్గర చేరి బయటి ఆడపిల్లికి బదులిస్తూ రాత్రంతా అరిచేవాడు, ఆపరేషన్ అయ్యాక కొద్ది వారాల్లో చల్లబడతాడు. వీధి పిల్లులకి సాయం కావాలంటే 1991 నుంచి ఈ ఊళ్ళో పనిచేస్తున్న క్యూపా లాంటి జంతు సంరక్షణ సంస్థల్ని అడగండి.

ఒక వారం చిట్టా రాయండి

ఒళ్ళు బాగుంది, ఆపరేషనూ అయింది, అయినా అరుస్తోంది. ఇప్పుడొక నోటుబుక్కు తీసుకోండి. మూడే సంగతులు రాయాలి: ఎప్పుడు, ఎటు తిరిగి, మీరేం చేశారు. మూడోదే అసలైనది, దాన్నే అందరూ రాయరు. మాది ఇలా ఉంది:

సోమవారం 4:40. బెడ్‌రూమ్ తలుపు. మా ఆయన లేచి గిన్నెలో గుప్పెడు వేశాడు. ఆగింది.
సోమవారం 7:15. వంటగది. కరివేపాకు కోసం ఫ్రిజ్ తీశాను. కాళ్ళకి అడ్డం తిరిగాడు. చెంచా మీగడ పెట్టాను. ఆగింది.
మంగళవారం మధ్యాహ్నం 1:30. ఆఫీసు కాల్లో ఉన్నాను. అందరికీ వినిపించింది. మ్యూట్ చేసి ఒళ్ళోకి ఎత్తుకున్నాను. ఆగింది.
బుధవారం 4:38. మా ఆయన లేవలేదు. 4:55కి నేను లేచాను. ఆగింది.
గురువారం 6:20 సాయంత్రం. యుటిలిటీ బాల్కనీలో పావురాలు. అరుపు కాదు, పళ్ళు టకటకలాడించడం. ఏమీ చేయలేదు. పావురాలు పోయాయి, ఆగింది.

వారానికి 31 లైన్లు తేలాయి. వాటిలో 22 "ఆగింది"లకి ముందు మా చేయి ఉంది. ఆ పుస్తకం మా ఆయన చేతికిచ్చాను. ఆయన రెండు పేజీలు తిప్పి, "వాడు అరవట్లేదు, టికెట్ రెయిజ్ చేస్తున్నాడు" అన్నాడు. సపోర్ట్ టీమ్‌లో రోజంతా ఫిర్యాదుల టికెట్లు చూసే మనిషికి అలాగే తోస్తుంది కానీ ఆ మాట నిజం.

పిల్లికూనలు తల్లిని పిలవడానికి మ్యావ్ అంటాయి. పెద్దయ్యాక ఒక పిల్లి ఇంకో పిల్లితో మ్యావ్ అనడం అరుదు. మీ పార్కింగులో సాయంత్రం గమనించండి, అవి తోకతో, చెవులతో, వాసనతో మాట్లాడుకుంటాయి, గొడవొస్తే గుర్రుమంటాయి. మ్యావ్ మాత్రం మనుషుల కోసం దాచుకున్న మాట. మనం తోక చూడం, చెవి చూడం, ఫోను చూస్తుంటాం. గొంతు వినిపిస్తేనే తల తిప్పుతాం. ఏ గొంతుకి మనం లేస్తామో పిల్లి కొన్నాళ్ళలో కనిపెట్టేస్తుంది. 2009లో ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీలో కరెన్ మెకాంబ్ బృందం ఇంకో సంగతి చూపించింది. తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు మామూలు గురగుర లోపల పసిపిల్ల ఏడుపులాంటి హెచ్చు స్థాయి శబ్దాన్ని కలుపుతాయి. ఆ రికార్డింగు విన్నవాళ్ళకి, పిల్లుల్ని పెంచనివాళ్ళకి కూడా, అందులో తొందర వినిపించింది. అంటే 4:40కి మీరు లేవడం మీ బలహీనత కాదు. మనిషి చెవికి అది అందుతుందంతే.

ఏ అరుపు ఏదో తెలియకపోతే నోటిని చూడండి. 1944లోనే మిల్డ్రెడ్ మోయెల్క్ అనే పరిశోధకురాలు పిల్లి శబ్దాలు పదహారింటిని నోటి తీరుని బట్టి మూడు గుంపులు చేసింది. నోరు మూసుకుని చేసేవి గురగురలు, పలకరింపులు. నోరు తెరిచి మెల్లగా మూస్తూ అనేవి మ్యావులు, అంటే అడగడం. నోరు బిగించి తెరిచే ఉంచి చేసేవి భయం, కోపం, నొప్పి. చిట్టాలో నేను వీటిని "మూ", "తె", "బి" అని రాసుకున్నాను. మా 31లో 28 "తె". "బి" వరసగా కనిపిస్తే మళ్ళీ మొదటి మెట్టుకే వెళ్ళాలి.

తిండి వేళలు మీ చేతిలోంచి తీసేయండి

మన ఇళ్ళలో పిల్లి తిండి అంటే పెరుగన్నం. మా అమ్మమ్మ ఇంటి పిల్లికి అదే పెట్టేవాళ్ళు, బానే బతికింది కదా అంటారు. బతికింది, ఎందుకంటే రోజూ రెండు ఎలుకలు, ఒక తొండ, చేపలు కడిగే చోట నాలుగు తలకాయలు దానికి దొరికేవి. పెరుగన్నం దానికి తాంబూలం లాంటిది. మూడో అంతస్తు పిల్లికి ఎలుకలు ఎక్కడివి? పిల్లి మాంసం లేకుండా బతకలేదు. టారిన్ అనే పదార్థం దాని ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది లేకపోతే గుండె కండరం వదులవుతుంది, చూపు పోతుంది. అన్నంతో కడుపు నిండినా ఆకలి తీరక అరిచే పిల్లులు నేను చూసినవే మూడున్నాయి. శాకాహారుల ఇంట్లో వండక్కర్లేదు, పిల్లుల తిండి ప్యాకెట్లు వాడండి. కుక్కల తిండి మాత్రం పెట్టకండి, అందులో పిల్లికి సరిపడా టారిన్ ఉండకపోవచ్చు. పాలు కూడా ఎదిగిన పిల్లులు చాలావాటికి అరగవు. కడుపు ఉబ్బి, విరేచనాలై, అదీ ఒక అరుపుకి కారణమవుతుంది. మా మీగడ చెంచా కథ అక్కడ ముగిసింది.

నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకి 200 కిలోకేలరీలు, అటూ ఇటుగా, సరిపోతాయి. ప్యాకెట్ మీద చూసి గ్రాములు లెక్క కట్టండి. గుప్పెళ్ళతో కొలవకండి, మా ఆయన గుప్పెడు నా గుప్పెడికి రెట్టింపు. ఆ మొత్తాన్ని నాలుగు పూటలుగా పంచండి. పిల్లి కడుపు చిన్నది, వేటాడే పిల్లి రోజుకి చాలాసార్లు కొంచెం కొంచెంగా తింటుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నింపేసి వెళితే మధ్యలోని పన్నెండు గంటలూ ఎదురుచూపే.

మా ఇంట్లో అన్నిటికన్నా పనిచేసింది టైమర్ పెట్టిన తిండి డబ్బా. దాన్ని మొదట 4:30కి పెట్టాను, వాడు లేచే వేళకి పది నిమిషాల ముందు. అరుపుకి ముందే తిండి పడాలి, అదే కిటుకు. వారం తిరిగేసరికి మిరియంగాడు మా తలుపు వదిలి డబ్బా ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. డబ్బాతో మ్యావ్ అంటాడు. డబ్బా జాలిపడదు. ఆ తర్వాత మూడు రోజులకోసారి పదేసి నిమిషాలు వెనక్కి జరిపాను, ఆరుకి వచ్చి ఆగాం. డబ్బా కొనలేకపోతే ఇంకో దారి ఉంది. పొద్దున లేవగానే తిండి పెట్టడం మానేయండి. లేవండి, పళ్ళు తోముకోండి, పాల ప్యాకెట్టు తెచ్చుకోండి, కాఫీ తాగండి, అప్పుడు పెట్టండి. మీరు లేవడానికీ గిన్నె నిండడానికీ ఉన్న ముడి తెగిపోవాలి.

రాత్రి పడుకునే ముందు వేటాడించండి

పిల్లి రాత్రి జంతువని అంటారు కానీ అది మునిమాపుల జంతువు. పొద్దు కుంకే వేళ, పొద్దు పొడిచే ముందు దానికి ఒంట్లో చురుకు పుడుతుంది. దాన్ని మార్చలేం. దాని వరస మాత్రం వాడుకోవచ్చు: వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. ఎప్పుడూ ఆ క్రమమే.

రాత్రి పదిన్నరకి పావుగంట ఆడించండి. ఈనెల చీపురు పుల్ల చివర పాత చున్నీ పీలిక కట్టాను, అంతకన్నా బొమ్మ అక్కర్లేదు. పీలికని పిల్లి ముఖం మీదికి తోయకండి, ఏ ఎలుకా అలా ఎదురురాదు. సోఫా వెనక్కి, తలుపు చాటుకి పారిపోనివ్వండి. కాసేపు ఆపండి. తోక కొస అల్లాడుతుంది, వెనక కాళ్ళు తొక్కుకుంటాయి, అప్పుడు లాగండి. నాలుగైదుసార్లు పట్టుకోనివ్వాలి. లేజర్ లైటుతో ఆడిస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, చిరాకు మిగులుతుంది. ఆట అవగానే ఆ రోజు చివరి పూట తిండి. తర్వాత లైట్లు ఆర్పేయండి. పీలికనీ దారాన్నీ అల్మారాలో పెట్టి తాళం వేయండి. దారం మింగితే పేగులు ముడుచుకుపోతాయి, అది మళ్ళీ ఆపరేషను.

ఇక అరుపుని పట్టించుకోకపోవడం, దానికో పద్ధతి

అందరూ మొదట చెప్పే సలహా ఇదే, "ఇగ్నోర్ చెయ్యండి" అని. అంతకుముందు చేయాల్సినవి చేయకుండా ఇది చేస్తే క్రూరత్వం. చేశాక మాత్రం తప్పదు.

పడుకునే ముందు నీళ్ళున్నాయా, ట్రే శుభ్రంగా ఉందా, ఏ గది తలుపు వెనకైనా ఇరుక్కుందా చూసుకోండి. తర్వాత అరుపుకి ఏమీ ఇవ్వకండి. ఏమీ అంటే తిండే కాదు. "ష్, నోర్ముయ్" అన్నా అది జవాబే. తలుపు తీసి తిట్టినా మీరు వచ్చినట్టే. కొట్టడం, మొహాన నీళ్ళు చల్లడం అసలు వద్దు, అరుపుతో పాటు భయం కలుస్తుందంతే.

మొదటి మూడు నాలుగు రోజులు అరుపు తగ్గదు, పెరుగుతుంది. ఇది ముందే తెలుసుకోండి. బటన్ నొక్కితే లిఫ్ట్ రాకపోతే మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతాం. ఇదీ అదే. ఆ నాలుగో రాత్రి ఓడిపోయి లేచారా, "ముప్పావు గంట అరిస్తే పనవుతుంది" అని నేర్పినవాళ్ళవుతారు. అప్పుడప్పుడూ దొరికే ఫలం రోజూ దొరికేదానికన్నా గట్టి అలవాటు చేస్తుంది.

మాకు పదకొండో రోజున బెడిసింది. నెల్లూరు నుంచి అమ్మ వచ్చింది. తెల్లారి వంటగదిలో లైటు వెలుగుతోంటే వెళ్ళి చూశాను. అమ్మ స్టూలు మీద కూర్చుని ఉడికించిన చేపలో ముళ్ళు తీస్తోంది, వాడు ఆమె కాళ్ళ దగ్గర.

"ఏం మనుషులమ్మే మీరు, నోరులేని జీవం అంత గొంతు చించుకుంటంటే పడుకుంటారా?"

"నోరులేని జీవమా! బాధంతా ఆ నోరుతోనే కదమ్మా."

అమ్మ వినలేదు. ఆరు రోజులుంది, ఆరు రోజులూ చేప. అమ్మ బస్సెక్కాక మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒప్పించండి. చుట్టాలొచ్చే రోజులు కాకుండా చూసుకోండి. కింది ఫ్లాటుకీ ముందే చెప్పండి. నేను ఆంటీ దగ్గరికి అరిసెలు పట్టుకెళ్ళి "ఆంటీ, ఒక పదిహేను రోజులు మామూలుకన్నా ఎక్కువ అరుస్తాడు, తర్వాత తగ్గుతుంది" అన్నాను. ఆమె నవ్వి, చెవుల్లో దూది పెట్టుకుంటానన్నారు. ముందు చెబితే ఎవరైనా ఓర్చుకుంటారు.

రెండో సగం మర్చిపోకండి. అరవకుండా కూర్చున్నప్పుడు పలకరించాలి. సోఫా పక్కన ఊరికే కూర్చుని మిమ్మల్ని చూస్తోందా, ఆ నిమిషమే వెళ్ళి గడ్డం కింద గోకండి, ఒక తిండి పలుకు పెట్టండి. పని చేసుకుంటూ "హమ్మయ్య, మాట్లాడకుండా ఉంది" అని వదిలేస్తాం చూడండి, అక్కడే చెడగొట్టుకుంటున్నాం.

ఈ ఊరి బాధలు కొన్ని

మన అద్దె ఒప్పందాలు పదకొండు నెలలవి. మనం ఇల్లు మారతాం, పిల్లి ఊరే మారినట్టు ఏడుస్తుంది. కొత్తింట్లో మొదటి వారం ఒకే గదిలో పెట్టండి, ఉతకని పాత దుప్పటి వేయండి. పాలు పొంగించేటప్పుడు చుట్టాలంతా వచ్చి వెళ్ళాకే బయటికి వదలండి.

ఇద్దరూ తొమ్మిదింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో పిల్లికి చేయడానికి ఏమీ ఉండదు. కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చునే చోటు ఒకటి, అల్మారా పైకెక్కే దారి ఒకటి ఇవ్వండి. పావురాలే దానికి టీవీ. పావురాల కోసం కట్టే సన్న నైలాన్ వలని మాత్రం నమ్మకండి, పిల్లి గోళ్ళకీ పళ్ళకీ అది ఆగదు. తోడుకి ఇంకో పిల్లిని తెస్తే అరుపు తగ్గుతుందనేది జూదం. మా ఫ్రెండు తెచ్చింది, ఇప్పుడు రెండూ అరుస్తున్నాయి.

శుక్రవారం రాత్రి మడివాలలో ఊరి బస్సెక్కేవాళ్ళకి ఒక మాట. గిన్నె నిండా పోసి మూడు రోజులు వదిలేయకండి. రోజుకోసారి ఎవరో ఒకరు వచ్చి ట్రే తీసి, పది నిమిషాలు కూర్చుని వెళ్ళాలి. దీపావళికి, గణపతి ఊరేగింపు తమటె డప్పుల మోతకి కిటికీలు మూసి, ఒక అట్టపెట్టె తిప్పేసి దాక్కోనివ్వండి. ఆ రోజు అరిస్తే పట్టించుకోవాలి. భయానికి దగ్గరికి తీసుకుంటే భయం నేర్పినట్టు కాదు.

ఇక సయామీ జాతి, దాని కలగలుపు పిల్లులు పుట్టుకతోనే మాటకారులు. వాటిని పర్షియన్ పిల్లిలా మౌనంగా మార్చాలనుకోకండి, వేళ కాని వేళ అరుపు మానితే అదే గెలుపు.

ఇవన్నీ నాలుగు వారాలు చేశాక కూడా తగ్గకపోతే చిట్టా పుస్తకం తీసుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అరుపుని ముందే ఫోన్లో వీడియో తీసుకోండి, నోరు కనిపించేలా. ఇది తప్పనిసరి, ఎందుకంటే రాత్రంతా భవనంలో అందరినీ నిద్ర లేపిన పిల్లి క్లినిక్ బల్ల మీద నోరు తెరవదు. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో డాక్టరు ముందు మిరియంగాడు అరగంట కూర్చున్నాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆటో ఎక్కగానే మొదలుపెట్టాడు. సిల్క్‌బోర్డు సిగ్నల్లో పక్కన బండి మీదున్నాయన హెల్మెట్ తీసి మరీ చూశాడు.